రుచి చూడని చెయ్యి

మొఘల్‌పురాలో రామానుజంగారింటికి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక సంగతి వింతగా తోచేది. ఇంటావిడ లక్ష్మీకాంతమ్మ కొడుకుతో ఏం చెప్పాలన్నా కోడలితో చెప్పేది. ఆ కొడుకు ఎక్కడో ఉన్నాడా అంటే, ఎదురుగానే, రెండు బారల దూరంలో పీట మీద కూర్చుని ఉండేవాడు. చెవుడు లేదు, పరాకు లేదు. అయినా మాట మాత్రం కోడలి మీదుగానే వెళ్లి, కోడలి మీదుగానే తిరిగి రావాలి. మూడేళ్లుగా ఇదే తంతు.

ఆ ఆదివారం పొద్దున కూడా అంతే.

"సూర్యప్రభా, మీ ఆయనను అడుగు, ఇయ్యాల నౌకరికి పోతలేడా అని."

"సెలవంట అత్తమ్మా."

"అడగకుండనే చెప్తున్నవేంది?"

సూర్యప్రభ నవ్వాపుకుని మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, ఇయ్యాల నౌకరి లేదా అని అత్తమ్మ అడుగుతున్నది."

"లేదని చెప్పు," అన్నాడు వైకుంఠం.

"లేదంట అత్తమ్మా."

లక్ష్మీకాంతమ్మకు అప్పటికి తృప్తి కలిగింది. మడిబట్ట సర్దుకుని గుడికి బయల్దేరింది. వీధి చివర వేంకటేశ్వరస్వామి గుడిలో రామానుజం అర్చకుడు. గుడి వంటశాల మడపల్లిలో నైవేద్యం వండేది ఆమె. ముప్పై అయిదేళ్లుగా ఆ స్వామికి ఆమె చేతి పులిహోర, ఆమె చేతి చక్కెర పొంగలి తప్ప వేరొకటి తెలియదు.

తల్లీకొడుకుల మధ్య మాట తెగిపోవడానికి కారణం కూడా వంటే. వైకుంఠం ఆబిడ్స్ దగ్గర ఒక పెద్ద హోటల్లో స్టోరు గుమాస్తాగా చేరాడు. అక్కడి గోవా వంటమాస్టరు సరదాకు ఒకనాడు అతని చేత సూపు కలిపించి, ఆ చేతివాటం చూసి, కలం పక్కన పెట్టించి గరిటె పట్టించాడు. ఆ కబురు తెలిసిన రోజు ఇంట్లో పెద్ద లొల్లి. అర్చకుడి కొడుకు గుడ్లూ మాంసమూ వండుతున్నాడన్నది ఒక కోపం. వండుతూ రుచి చూస్తాడన్నది అంతకన్నా పెద్ద కోపం. స్వామికి పెట్టకముందు రుచి కాదు కదా, వాసన కూడా చూడరు ఆ ఇంట్లో. "నేను మింగనమ్మా, నాలుక మీద వేసుకుని ఉమ్మేస్త, పుక్కిలిస్త," అని వైకుంఠం ఎంత చెప్పినా ఆమె చెవిన పెట్టలేదు. "రుచి చూసి వండేది వంట కాదు, ఎంగిలి!" అంది. సూటిగా అతనితో అన్న ఆఖరి మాట అదే.

ఇప్పుడు ఆ రుచే పోయింది వైకుంఠానికి. పోయిన ఎండాకాలంలో పట్నాన్నంతా మంచాన పడేసిన ఫ్లూ జ్వరం అతన్నీ పట్టుకుంది. పది రోజుల్లో దిగింది కానీ, పోతూ పోతూ ముక్కునూ నాలుకనూ వెంట తీసుకుపోయింది. కాఫీ తాగితే వేణ్నీళ్లు, ఆవకాయ తింటే ఎర్రమట్టి. ఇవ్వాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఏడు నెలలు చూశాడు. సూర్యప్రభకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రుచి తెలియని వంటవాణ్ని ఏ హోటలు ఉంచుకుంటుంది? తెలిసిన వంటలను అలవాటు మీద నెట్టుకొస్తుంటే, పోయిన వారం సూపులో ఉప్పు రెండుసార్లు పడి గిన్నెకు గిన్నె వెనక్కి వచ్చింది.

అంతలోనే ఇంకో గండం. ఏదో ఫ్యాక్టరీ పని మీద ఆరుగురు ఇటలీ ఇంజనీర్లు ఆ హోటల్లో దిగారు. గోవా మాస్టరు పని మానుకుని సొంతూరు వెళ్లిపోయాడు. సోమవారం మధ్యాహ్నం వాళ్లకు వాళ్ల దేశపు కార్బొనారా పెట్టాలని మేనేజరు పట్టుబట్టాడు. పొడుగు సేమ్యా వంటి పాస్తాను ఉడికించి, గుడ్డుసొన, గట్టి చీజు, మిరియాలు కలిపి పట్టించే వంట అది. అసలైతే పంది మాంసం ముక్కలు కూడా పడాలట.

"దేఖో వైకుంఠం," అన్నాడు మేనేజరు, "సువ్వర్ గోష్ మన బావర్చీఖానల నడవదు. దాని జాగల మీరాలం మండి నుంచి తాజా తర్కారీ తెచ్చి వెయ్యి. కుదిరిందా, పెద్ద మాస్టరువు నువ్వే. మళ్ల ఆ సూపు లెక్క అయిందా, సీదా ఇంటికి పో."

ఎన్నడూ వండని వంట. అలవాటు మీద నెట్టుకొచ్చే దారి లేదు. అందుకే తల్లి గుడికి వెళ్లగానే వైకుంఠం పెరట్లో, బావి వెనక, మూడు ఇటుకలు పెట్టి పొయ్యి రాజేశాడు. మండిలో ఆ వేళ పచ్చిబఠానీలు పొంగిపొర్లుతున్నాయి, జనవరి కదా. వాటితో పాటు లేత క్యారెట్లు, చిక్కుడుకాయలు, ఉల్లికాడలు తెచ్చాడు. ఇంజనీర్లు తమ పెట్టెలోంచి ఇచ్చిన పాస్తా, చీజు ముక్క ఉన్నాయి. గడ్డి పరిచిన బుట్టలో ఎనిమిది గుడ్లున్నాయి.

మొదటి గిన్నె పాడైంది. సొన పొయ్యి మీదే పోసేసరికి ముద్దలు కట్టింది. రెండోది కొంచెం నయం. కానీ ఉప్పు?

సూర్యప్రభ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడింది. "నేను చూడనా?" అంది. అంటుంటేనే ఆమె ముఖం పాలిపోయింది.

"నిన్నెట్ల అడుగుత," అన్నాడు వైకుంఠం.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తోసుకుని లక్ష్మీకాంతమ్మ వచ్చింది. ఆ రోజు స్వామికి ఆరగింపు తొందరగా అయిపోయింది, రామానుజం ఇంకా గుడిలోనే ఉన్నాడు. పొగ చూసింది, ఇటుకలు చూసింది, బుట్ట చూసింది.

"సూర్యప్రభా! ఆ గడ్డిల తెల్లగ మెరుస్తున్నయేంది?"

కోడలు మొగుడి వైపు చూసింది.

"గుడ్లమ్మా," అన్నాడు వైకుంఠం.

"నేను వాణ్ని అడగలేదని చెప్పు! స్వామికి వండే చేతులివి. ఆ చేతులున్న ఇంట్ల గుడ్లు పగలగొడ్తడా? ధర్మకర్తకు తెలిస్తే రేపటి సంది నన్ను మడపల్లి గడప తొక్కనిస్తరా? ఆ గిన్నెలు తీసుకుని ఇప్పుడే పొమ్మను. ఆ హోటల్లనే ఉండమను. రుచి చూసుకుంట, ఎంగిలి చేసుకుంట వండుకొమ్మను!"

వైకుంఠం ఇన్నాళ్లూ ఏమన్నా పడ్డాడు. ఈ మాటకు మాత్రం గరిటె పక్కన పడేశాడు. బావిగట్టు మీద కూలబడ్డాడు.

"రుచా? ఏం పెట్టి చూడాలమ్మా? జ్వరం వచ్చిపోయిన కాడి నుంచి నాకు ఉప్పు తెల్వదు, పులుపు తెల్వదు. పాలు మాడినా తెల్వదు. రేపు వాళ్ల ముందు పెట్టినంక బయటపడ్తది. నౌకరి పోతది. ఇగ నీకు ఏ ఫికర్ లేదు. రేపటి నుంచి ఎంగిలీ లేదు, ఏం లేదు." తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

లక్ష్మీకాంతమ్మ "సూర్యప్రభా," అని మొదలుపెట్టి ఆగిపోయింది. కోడలు ఎదురుచూసింది. మాట అటు వెళ్లలేదు.

"ఎన్ని నెలలైంది రా?" అంది తల్లి.

"ఏడు."

"ఏడు నెలలు చెప్పకుండ ఉన్నవా?"

"ఎవరికి చెప్పాలె? నువ్వు మాట్లాడ్తనే లేవు."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత పెరటి మెట్టు దాకా వెళ్లి, పొయ్యికి పదడుగుల దూరంలో చతికిలబడింది.

"ఏడ్చింది చాలు, లే. రుచి తెల్వకుంటే వండరాదా? ముప్పై అయిదేండ్లు నేనేం చూసి వండుతున్న? గిన్నె కడుగు. నీళ్లు ఎన్ని శేర్లు?"

"నాలుగు."

"ఉప్పు పిడికిట్లకు తీసుకోకు. మూడు వేళ్లతోని. శేరుకు రెండుసార్లు. ఇయ్యాల ఏ చెయ్యో రేపు గూడ అదే చెయ్యి, అవే వేళ్లు. అంతే. ఆ రాయి లెక్క ఉన్నదేంది?"

"చీజు. పాలు విరగ్గొట్టి ఎండబెట్టింది. దాంట్ల ఉప్పు మస్తుంటది."

"అయితే కూరగాయలల్ల ఉప్పు వెయ్యకు. వడియాలు పడే పులుసుల మనం ఉప్పు తగ్గియ్యమా?"

వెన్నలో కూరగాయలు పడ్డాయి. ఆమె అటు చూడనైనా చూడలేదు, తల పక్కకు తిప్పి వింటోంది. "ఇంక ఉడకలే. చప్పుడు పెద్దగున్నది, నీళ్లున్నయి. ఉండు... ఉండు... ఇప్పుడు సన్నగైంది. దించు." వైకుంఠం చూస్తే బఠానీ తోలు ముడతపడి, ఉల్లికాడ ఇంకా పచ్చగానే ఉంది.

"ఇప్పుడు సొనమ్మా. ఇదే విరుగుతున్నది."

"మజ్జిగ పులుసుల మజ్జిగ పొయ్యి మీద పోస్తరా ఎవరన్న? దించి నేల మీద పెట్టు. పదిసార్లు గోవింద అనుకో. అప్పుడు సన్నటి ధార పొయ్యి, కలుపుకుంటనే ఉండు. గోవింద, గోవింద, గోవింద..." మూడోసారికి తాను దేని మీద ఆ పేరు తలుస్తోందో గుర్తొచ్చి గబగబా లెంపలేసుకుంది. సూర్యప్రభ కొంగు నోట్లో కుక్కుకుంది.

సొన విరగలేదు. పాస్తాకు మీగడలా పట్టుకుని, పసుపుపచ్చగా నిగనిగలాడింది.

"ఇగ ఒక్కసారి మాత్రం ఎవరన్న తినాలె," అంది తల్లి. "ఒక్కసారి కొలత కుదిరితే జన్మంత చెయ్యే చూసుకుంటది."

ఛత్రినాక నుంచి పాలు తెచ్చే దుర్గయ్య అదే వేళకు తలుపు తట్టాడు. ఆదివారం అతను పొద్దెక్కాకే వచ్చేవాడు. పెరట్లో విస్తరి వేసి కూర్చోబెట్టేసరికి మనిషి కంగారుపడ్డాడు. "అమ్మగారూ, అయ్యవారింట్ల గుడ్లా?"

"నోరు మూసుకుని తిను. ఉప్పు చెప్పు."

దుర్గయ్య తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ముగ్గురూ అతని నోటి వైపే చూస్తున్నారు. "ఉప్పు బరాబరున్నది," అన్నాడు. "గని కారమే లేదు. పాపం, ఎవరికమ్మా, బాలింతకా?"

వైకుంఠం గట్టిగా నవ్వాడు. ఏడు నెలల్లో అతను నవ్వడం అదే మొదలు. విస్తరి ఖాళీ అయ్యాక ఇటుకలు తీసి, నేల అలికి, బావి దగ్గర అందరూ తలస్నానాలు చేశారు. దుర్గయ్య ఈ సంగతి పాల బిందె మీద ఒట్టేసి దాచాడు.

సోమవారం ఏమైందో చెప్పడానికి ఎక్కువ లేదు. అవే మూడు వేళ్లు, అవే పది గోవిందలు. ఆరు ప్లేట్లూ తుడిచినట్టు తిరిగొచ్చాయి. తెల్లమీసాల ఇంజనీరు ఒకాయన వంటింట్లోకే వచ్చి, వైకుంఠం రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ ఏదేదో అన్నాడు. "వాళ్ల దేశంల ఇట్ల ఉండదంట," అని మేనేజరు అర్థం చెప్పాడు. వైకుంఠం చేతులు వెనక్కి లాక్కోబోయాడు. "కానీ ఇక్కడున్నన్ని రోజులు ప్రతి సోమవారం ఇదే కావాల్నంట. శాబాష్ మాస్టర్!"

సాయంత్రం ఇంటికొచ్చేసరికి లక్ష్మీకాంతమ్మ పెరటి మెట్టు మీద మెంతికూర వలుస్తోంది. స్నానం చేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పెద్ద మాస్టరును చేసిన్రమ్మా."

"మంచిగైంది రా," అంది. ఆమె కళ్లు తడిశాయి.

"అయినా భయం, బుగులు పోతలేదు. నీకైతే రుచి తెలుసు, తెలిసి చూడకుండ వండుతవు. నేను తెల్వకనే వండాలె. రెండూ ఒక్కటి కాదు గదమ్మా."

ఆమె చేతిలోని కాడ ఆగిపోయింది. గుమ్మంలో సూర్యప్రభ ఉందని చూసింది. సరే, విననీ అన్నట్టు మళ్లీ మెంతికూర మీదికి తల దించుకుంది.

"నాకు తెలుసని నీకెవరు చెప్పిన్రు?"

వైకుంఠానికి అర్థం కాలేదు.

"నీ చెల్లెను తీసుకపోయిన జ్వరం నాకు గూడ వచ్చింది, యాదికున్నదా? అది పోయింది. నేను లేచిన. లేచేసరికి నా నాలుక లేదు. పదహారేండ్లాయె. మీ బాపుకు గూడ తెల్వదు. రుచి తెల్వనిదాన్ని స్వామికి వండనిస్తరా? వండేటప్పుడు ఎవరూ రుచి చూడరు గనుక బతికిపోయిన."

"అమ్మా..."

"ఎంగిలి అని తిట్టిన గదా నిన్ను. ఎంగిలి కాదు రా నా బాధ. నాలుక మీద వేసుకుని ఉమ్మేస్త అంటివి. నాకు లేనిది నీకున్నది, దాన్ని ఉమ్మేస్తున్న అని చెప్తివి. ఆ మాట ఓర్చుకోలేకపోయిన. బిడ్డ మీద కుళ్లుకున్న. మూడేండ్లు నీతోని మాట్లాడకపోతి. ఆఖరికి నీది గూడ పాయె. నా ఉసురే తగిలిందేమో అనుకున్న నిన్న."

వైకుంఠం ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. పదహారేళ్లు ఈమె ఒక్కతే మోసిందా ఇదంతా అనుకుంటే అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. దానితో పాటే, ఏడు నెలలుగా గుండె మీదున్న బరువు దిగిపోయినట్టూ అనిపించింది. ఇక దాచాల్సిన పని లేని మనిషి ఒకరు ఇంట్లోనే ఉన్నారు. ఇద్దరూ అలాగే కూర్చుని ఏడ్చారు.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది. "చింతకాయ తొక్కు ఎట్లుండేదో యాదికున్నదా నీకు?"

"ఎందుకు లేదు? దవడల కింద జివ్వుమనేది."

"నాకు గూడ గక్కడనే."

"చాలియ్యండి ఇగ," అంది సూర్యప్రభ గుమ్మంలోంచి కళ్లొత్తుకుంటూ. "నాకు నోట్ల నీళ్లూరుతున్నయి."

లక్ష్మీకాంతమ్మ దవడ మీద చెయ్యి వేసుకుంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం కనిపించింది.

"నాకు గూడ ఊరుతున్నయే," అంది.