ముందు చక్రం పిన్ను

వెనింగ్ స్కూలు నుంచి వచ్చేసరికి మోటారుసైకిలు ముందు చక్రం గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది. మిగతా బండి ఇంటి ముందు ఇటుకల మీద నిలబడి ఉంది. హ్యాండిలు ఒకచోట ఉంది, హెడ్‌లైటు ఇంకోచోట ఉంది. పర్జన్ తాత మాత్రం కదలకుండా చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నోట్లో రెండు స్క్రూలు ఉన్నాయి.

"అన్నం తిని రా. నాకు ఇంకో రెండు చేతులు కావాలి," అన్నాడు తాత, స్క్రూల సందులోంచి.

"అలాగే తాతా," అంది వెనింగ్.

ఆ బండి వెనింగ్ కంటే వయసులో చాలా పెద్దది. వాళ్ళ నాన్న తుగిమన్ నిక్కరేసుకుని స్కూలుకెళ్ళే రోజుల్లో తాత దాన్ని కొన్నాడు. మొన్న నాన్న దాని మీద ఇంటికొస్తూ పడిపోయాడు. జావాలో ఈ పక్కల వరికోతలైతే రోడ్డే కళ్ళం. ఎవరో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోశారు. నాన్న బ్రేకు వేశాడు. బండి వడ్ల మీద జారి, నాన్నను కాలవ గట్టు మీద పడేసి, తను పోయి కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది. నాన్నకు భుజం దగ్గర ఎముక విరిగింది. బండికి ఏవేవి విరిగాయో తాత ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

వడ్లు ఎవరివని అడిగితే నాన్న చెప్పడు. "ఊళ్ళో వాళ్ళవే కదా," అంటాడు.

ఇప్పుడు అందరి బెంగా అమ్మ గురించే. అమ్మ సుమియాతి టెంపే చేసి సంతలో అమ్ముతుంది. సోయా గింజలు ఉడకబెట్టి, పులియడానికి మందు కలిపి, అరిటాకుల్లో పొట్లాలు కడుతుంది. గింజలన్నీ ఒకదానికొకటి అతుక్కుని, తెల్లటి దిమ్మల్లా గట్టిపడిన రోజే వాటిని అమ్మెయ్యాలి. ఇంకొక్క రోజు ఆగితే నల్లబడి వాసనొస్తాయి. ఇంట్లో దెబ్బలు తగిలాయి, కాస్త ఆగమంటే టెంపే వినదు. సంత మర్నాడే. మళ్ళీ ఐదు రోజులకు గాని రాదు.

ఎప్పుడూ నాన్నే బండి మీద బుట్టలు కట్టుకుని, అమ్మను వెనకాల ఎక్కించుకుని వెళ్ళేవాడు. ఈసారి అమ్మ ఒక్కతే తోలుకుంటూ వెళ్ళాలి. టౌన్లో మెకానిక్కు సంత అయ్యాక చూస్తానన్నాడు. అందుకని తాత తన పాత స్పానర్లు బయటికి తీశాడు.

వెనింగ్ అన్నంలో టెంపే వేపుడు కలుపుకుని నాలుగు ముద్దలు తిని వచ్చి కూర్చుంది.

తాత హ్యాండిలు లోపలికి ఇనప గొట్టం దూర్చి, కాలితో తొక్కిపట్టి వంచాడు. అది కీచుమంటూ దాదాపు తిన్నగా అయింది.

వరండాలో వెదురు మంచం మీద పడుకున్న నాన్న తల ఎత్తాడు. ఆయన చెయ్యి మెడకు వేలాడుతోంది. "మెల్లిగా నాన్నా. అది నా బండి."

"నువ్వు పడేసిన బండి," అన్నాడు తాత. "లేపేది నేను. నువ్వు పడుకో."

తాతకు పని చేస్తూ మాట్లాడటం అలవాటు. క్లచ్ తీగ ఇలా పోవాలి, ఈ వాషరు ముందు, ఆ వాషరు వెనక అంటూ గడగడా చెప్పుకుపోతాడు. ప్రతి రెండు మాటలకూ ఒకసారి "అర్థమైందా?" అంటాడు. వెనింగ్ "అలాగే తాతా" అంటుంది. అందులో సగం ఆ పిల్లకు అర్థం కాలేదు.

కాలేదని చెప్పొచ్చు కదా అంటే, అది వాళ్ళ ఇళ్ళల్లో కుదరదు. పెద్దవాళ్ళు చెబుతుంటే తల కాస్త వంచి "అలాగే" అనాలి. "తెలీదు", "కాదు", "మళ్ళీ చెప్పు" అంటే పెద్దవాళ్ళను తప్పుపట్టినట్టు. అది ఉగ్గుపాలతో వచ్చిన మర్యాద. లెక్కల టీచరు భిన్నాలు చెప్పి "అందరికీ వచ్చిందా?" అంటే క్లాసు క్లాసంతా "వచ్చింది మేడమ్" అంటుంది. పరీక్షలో మాత్రం ఎవరికీ రాదు. ఈ మర్యాదలో వెనింగ్ క్లాసు ఫస్టు.

చక్రం ఎక్కించి, ఇరుసు దూర్చి, నట్టు వేళ్ళతో తిప్పి పెట్టేసరికి సందు చివర మాటలు వినిపించాయి. వీధి ఆడవాళ్ళంతా ఒక గుంపుగా వస్తున్నారు. చేతుల్లో పంచదార పొట్లాలు, టీ పొడి, బిస్కట్లు. ఎవరికి దెబ్బ తగిలినా ఇలా అందరూ కలిసి చూడ్డానికి వస్తారు. ఒక్కొక్కరూ విడిగా రావడం ఇక్కడ లేదు. ముందు కసినెం అత్త నడుస్తోంది. ఆమె పక్కింటావిడ. నవ్వించేదీ ఆవిడే, నిలదీసేదీ ఆవిడే.

ఇంటి పెద్ద వచ్చి వాళ్ళ మధ్య కూర్చోకపోతే బాగుండదు. తాత గబగబా గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు.

"ఇదిగో, ఇంక రెండే పనులు," అన్నాడు లేస్తూ. "ఈ ఇరుసు నట్టు గట్టిగా బిగించు. తర్వాత ఈ కాటర్ పిన్ను పెట్టి దాని కాళ్ళు రెండూ చెరో వైపుకీ మడిచెయ్యి. తెలుసుగా?"

"అలాగే తాతా."

తాత వెళ్ళిపోయాడు. వెనింగ్ అరచేతిలో పిన్ను చూసుకుంది. అది తలలో పెట్టుకునే పిన్నులాగే ఉంది. ఒక తల, రెండు కాళ్ళు.

నట్టు బిగించడం ఆ పిల్లకు తెలుసు. స్పానరు తగిలించి, రెండు చేతులతో లాగి, చాలదని దాని మీదికెక్కి నిలబడింది. నట్టు ఇంక కదలనంది. ఇప్పుడు పిన్ను ఎక్కడ పెట్టాలి? నట్టు అంచున చుట్టూ గాట్లు ఉన్నాయి. ఒక్కో గాట్లోనూ పిన్ను గుచ్చి చూసింది. ఏ గాట్లోనూ దూరలేదు. బెజ్జమనేదే ఎక్కడా కనిపించలేదు.

వరండా వైపు చూసింది. తాత టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ పెద్దవాళ్ళే. అంతమంది మధ్యకు వెళ్ళి "తాతా, నాకు తెలీదు" అనాలి. అదీ, ఇప్పుడే తెలుసని చెప్పి. వెనింగ్ మళ్ళీ చక్రం వైపే తిరిగింది.

నట్టు పట్టుకుని ఊపి చూసింది. రాయిలా ఉంది. ఇంత గట్టి నట్టుకు ఈ సన్నటి తీగముక్క ఏం సాయం చేస్తుందిలే అనుకుంది. పిన్ను గౌను జేబులో వేసుకుంది.

కాసేపటికి తాత వచ్చి హ్యాండిలు బిగించాడు. ఇటుకలు తీసేశాడు. కిక్కు కొడితే బండి దగ్గి, తుమ్మి, చివరికి డుగుడుగుమంది. పొగ వరండా నిండా కమ్ముకుంది.

"దోమలు పోయాయి. ఇంకేం పనికొస్తుందో చూడాలి," అంది కసినెం అత్త, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. ఇంజను ఆపి, "అంతా నేనే చేశాననుకోకండి," అన్నాడు. "ముందు చక్రం బిగించింది నా మనవరాలు. నట్టూ, పిన్నూ అన్నీ అదే."

"ఈ వేలెడంత పిల్లా? ఎక్కేది మా సుమియాతి కదా. అసలే వంతెన దగ్గర పల్లం. నట్టు ఊడితేనో?"

"నట్టును నేనూ నమ్మను," అన్నాడు తాత. "ఎంత బిగించినా చక్రం తిరిగే కొద్దీ సడలుతుంది. అందుకే పిన్ను. అది అడ్డంగా ఉంటే నట్టు వెనక్కి తిరగలేదు. పిన్ను లేకపోతే మాత్రం, వంతెన దిగేటప్పుడు చక్రం ఒక దారి, మనిషి ఒక దారి."

మళ్ళీ అందరూ నవ్వారు. వెనింగ్ నవ్వలేదు. ఆ పిల్ల చెయ్యి జేబులోకి పోయింది. పిన్ను అక్కడే ఉంది.

"మా అమ్మాయికి తాత చెయ్యే వచ్చింది," అన్నాడు నాన్న మంచం మీంచి.

ఇప్పుడు చెబితే తాత అందరి ముందు అబద్ధం చెప్పినట్టవుతుంది. వీళ్ళంతా వెళ్ళాక చెబుదాం అనుకుంది వెనింగ్. రేపు పొద్దున్న కదా అమ్మ వెళ్ళేది.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి హెల్మెట్ పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఒకసారి వంతెన దాకా వెళ్ళొస్తాను మావయ్యా. రేపు బుట్టల బరువుతో తోలాలి కదా, ఇవాళ కాస్త చెయ్యి అలవాటు చేసుకుంటాను," అంది.

"వెళ్ళిరా. బ్రేకు మెల్లిగా వెయ్యి," అన్నాడు తాత.

అమ్మ బండెక్కింది. కిక్కు కొట్టింది. బండి ఒక్క దెబ్బకే అందుకుంది, ఈ ఒక్కసారి మొరాయించకూడదా అనిపించేలా. అమ్మ కాలు నేల మీంచి లేచింది.

వెనింగ్ వెళ్ళి బండికి ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో హెడ్‌లైటు పట్టుకుంది.

"అమ్మా, ఆగు. వెళ్ళకు."

"తప్పుకోవే. ఏమైంది?"

"పిన్ను పెట్టలేదు." ఇంజను మోతలో అమ్మకు వినపడలేదు. మళ్ళీ చెప్పింది. "నేను పిన్ను పెట్టలేదు. ఎలా పెట్టాలో నాకు తెలీదు."

అమ్మ ఇంజను ఆపేసింది. వెనింగ్ జేబులోంచి పిన్ను తీసి చూపించింది. వరండాలో ఆడవాళ్ళంతా ఎవరి టీ గ్లాసులోకి వాళ్ళు చూసుకోసాగారు. ఎదుటివాళ్ళ పరువు పోతుంటే చూడకూడదు మరి. కసినెం అత్త ఒక్కతే చూస్తోంది.

"మరి తాత చెప్పినప్పుడు అలాగే అన్నావుటే?" అంది.

"అన్నాను," అంది వెనింగ్. ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుంది.

తాత చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, చక్రం దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. నట్టు చూశాడు. వేలితో తడిమాడు.

"ఎందుకు పెట్టలేదు?"

"బెజ్జం కనిపించలేదు తాతా."

"బెజ్జం నట్టుకు కాదు, ఇరుసుకి ఉంటుంది. నువ్వు బిగిస్తే నట్టుకు గాట్ల మధ్యనుండే పన్ను దానికి అడ్డమొచ్చింది. గాటు, బెజ్జం ఎదురెదురు రావాలి. అర్థమైందా?"

"అలాగే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనింగ్ దాన్ని మింగేసింది.

"లేదు తాతా."

వరండాలో ఎవరి గ్లాసో సాసరుకు తగిలి టంగుమంది. తాత తలెత్తి మనవరాలి కేసి చూశాడు. ఆయన ఇంటి చూరు కింద ఎవరూ ఆయనతో ఆ మాట అని ఎరగరు. తాత స్పానరు తీసుకుని నట్టు పూర్తిగా విప్పేశాడు.

"ఇలా చూడు. ఇదీ బెజ్జం. ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. చూశావా?"

"చూశాను."

తాత మళ్ళీ నట్టు ఎక్కించి బిగించాడు. బెజ్జం పన్ను చాటుకు పోయింది. "ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"కొంచెం తిప్పాలి. గాటు దాని మీదికి వచ్చేదాకా."

"అంతే."

"కానీ వెనక్కి తిప్పితే లూజు అవదా?"

తాత గడ్డం గోక్కున్నాడు. "ఇంకాస్త ముందుకే తిప్పు, వీలైతే. అసలు కదలకపోతే అప్పుడు ఓ వెంట్రుకవాసి వెనక్కి. ఇరుసు పట్టు వదలదు. ఆ పైన పిన్ను కాపలా ఉంటుంది." ఆగి, "ఇది నేను నీకు చెప్పలేదు కదూ," అన్నాడు.

"చెప్పలేదు తాతా."

బండి మీద కూర్చున్న అమ్మ హెల్మెట్ తీసేసింది. స్టాండు వేసి కిందికి దిగింది.

"మావయ్యా," అంది. "నాకూ అర్థం కాలేదు."

"నీకా?" అన్నాడు తాత. "పెళ్ళైన కొత్తలోనే నీకు ఈ బండి గురించి మొత్తం చెప్పాను కదమ్మా. పిన్ను సంగతి కూడా చెప్పాను."

"చెప్పారు," అంది అమ్మ. "అలాగే అన్నాను."

కసినెం అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఈసారి పొగ లేకపోయినా. నాన్న నవ్వబోయి, భుజం నొప్పెట్టి అబ్బా అన్నాడు. తాత మాత్రం నవ్వలేదు. కోడల్ని చూశాడు, మనవరాల్ని చూశాడు. తర్వాత చాప మీద కాస్త పక్కకు జరిగి, స్పానరు వెనింగ్ చేతిలో పెట్టాడు. తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"నువ్వు చూపించు మీ అమ్మకి," అన్నాడు.

అమ్మ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. వెనింగ్ నట్టు మీద వేలు పెట్టింది.

"ఈ గాటులోంచి చూడమ్మా. లోపల ఇరుసుకి బెజ్జం ఉంది. కనిపిస్తోందా?"

"ఆఁ, కనిపిస్తోంది."

"నిజంగానా?"

అమ్మ ఇంకా కిందికి వంగి, ఒక కన్ను మూసి చూసింది.

"లేదు," అంది.

వెనింగ్ స్పానరు తగిలించి, నట్టును ఇంకాస్త తిప్పింది.