ఒకే బొమ్మ, రెండు చోట్లు

"మీ రెండో బొమ్మకి వెలుగెక్కువైంది మేస్త్రీగారూ. నా కొంప ముంచారు."

ల్యాబ్ చీకటి గదిలోంచి బయటికొస్తూనే అందామె. కంప్యూటర్లో గోడలు కట్టడం అతని ఉద్యోగం గనక అందరికీ అతను మేస్త్రీ. ఆమె ఎలకల మేడమ్. చక్రం మీద పరిగెత్తే చిట్టెలుక ముందు, తెర మీద అతను కట్టిన కారిడార్ కదులుతుంటుంది. దాని మొదట్లో ఒక గళ్ళ బొమ్మ, చివర్లో అచ్చం అలాంటిదే ఇంకొకటి. ఎలుక మెదడులో చూపు పని చూసే కణం మొదటి బొమ్మకి కిమ్మనకుండా ఉండి, రెండోదాని దగ్గర చెలరేగిపోతోంది. చూసేది ఒకటే అయినా, ఎక్కడ చూస్తున్నదీ దానికి తెలుసన్నమాట. ఏళ్ళ తరబడి చాకిరీ చేస్తే దక్కిన ఫలితం అది. రేపే పెద్ద సార్ ముందు పెట్టాలి. బొమ్మల్లో తేడా ఉంటే అంతా మట్టిపాలే.

"రెండూ ఒకే ఫైలు మేడమ్," అన్నాడతను నెమ్మదిగా.

"మొదటిది నిన్న కొలిచాను. రెండోది ఇప్పుడే, వానలోంచి వస్తూనే. మీటరేమన్నా అబద్ధం చెప్తుందా?"

"పదండి, మళ్ళీ కొలుద్దాం."

ఆమె తెర ముందు వంగి మొదటి బొమ్మకి వెలుగు కొలిచే మీటరు పెట్టింది. నిన్నటికన్నా ఎక్కువ. రెండోదానికీ సరిగ్గా అంతే. అతను బొమ్మని వదిలేసి ఆమెనే చూస్తున్నాడు.

"నన్నెందుకలా చూస్తారు?"

"మిమ్మల్ని కాదు... అంటే మిమ్మల్నే. మీ రెయిన్‌కోటుని."

నిగనిగలాడే పసుపుపచ్చ కోటు. తెర వెలుగు దానిమీద పడి మళ్ళీ తెరమీదికే కొడుతోంది. విప్పి కొలిస్తే రెండు బొమ్మలకీ నిన్నటి అంకే వచ్చింది. ఎలుక పరిగెత్తేటప్పుడు గదిలో ఎలాగూ మనుషులుండరు, కాబట్టి ఫలితానికి ఢోకా లేదు.

"అమ్మయ్య," అంటూ స్టూల్ మీద కూలబడింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "సారీ అండీ. నోరు పారేసుకున్నాను."

"పర్లేదు. మీ ఎలుక జబ్బు నాకూ ఉంది కాబట్టి ఏమీ అనుకోను."

"ఏం జబ్బు?"

అతను నాలుక్కరుచుకున్నాడు. అయినా చెప్పేశాడు. "మిమ్మల్ని క్యాంటీన్లో చూస్తాను, మీటింగుల్లో చూస్తాను, బాగానే ఉంటాను. సాయంత్రం గేటు దగ్గర చూస్తే మాత్రం గుండె దడదడలాడిపోతుంది."

"గేటు దగ్గరే ఎందుకు?"

"అక్కణ్ణించి మీరు వెళ్ళిపోతారు గనక."

ఆమె మీటరుని పెట్టెలో తిప్పి తిప్పి సర్దుతూ ఉండిపోయింది.

సాయంత్రానికీ వాన తగ్గలేదు. గేటు దగ్గర గొడుగు తెరవబోతున్న అతని పక్కకి వచ్చి నిలబడిందామె.

"రెయిన్‌కోటేది మేడమ్?"

"లోపల కొక్కేనికి వదిలేశాను." ఆమె గొడుగు కిందికి జరిగింది. "పదండి. ఇవాళ గేటు దాటేది నేనొక్కదాన్నే కాదు."