దుమ్ములో నెమలి పతాకం

ఏం చూశారో చెప్పండి. అందంగా చెప్పనక్కర్లేదు, చూసింది చూసినట్టు చెప్పండి. తూర్పు కనుమలోంచి ఎర్రని దుమ్ము లేచి కనుచూపు మేర పరుచుకుంది. దాని కింద ఏదో కదులుతోంది. నలభై రోజులుగా శత్రువుల ముట్టడిలో చిక్కిన గద్దగుండ్ల దుర్గంలో, అర్ధాకలి జనం కోటగోడ మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మీకు కనబడింది అంతే కదా?

ఆ దుర్గాన్ని ఏలే ఎరమరాజుకు అంతకంటే ఎక్కువ కనబడింది. సేనతో వస్తానన్న తమ్ముడు అటునుంచే రావాలి. అందుకని ఆయన బురుజు మీది కావలివాణ్ణి ఏం కనబడుతోందని అడగలేదు. "మా తమ్ముడి నెమలి పతాకం కనబడుతోందా?" అని అడిగాడు. రాజు అలా అడిగితే లేదనడానికి కావలివాడికి ఎన్ని గుండెలుండాలి? కళ్లు చికిలించి చూసి, కనబడుతోందన్నాడు. ఆ మాట మెట్లు దిగేలోపల పక్కవాళ్లకు గుర్రాలు కూడా కనబడ్డాయి.

మంత్రి బొల్లన పొంగిపోయాడు. తమ్ముడు తప్పక వస్తాడని చెప్పి రాజును సంధికి పోకుండా ఆపింది ఆయనే. ఆ మాట మీద మూడు వందలమంది చచ్చారు. రాలేదంటే ఆ చావులన్నీ ఆయన మెడకు చుట్టుకుంటాయి. తూర్పు ద్వారం తెరిచి, ఉన్న సేనంతా ఎదురేగాలన్నాడు.

సేనాని పోతినాయుడు అడ్డుపడ్డాడు.

"ప్రభూ, గుర్రాల దుమ్ము నిలువుగా లేస్తుంది. ఇది నేలబారున పరుచుకుని వస్తోంది, గొడ్ల దుమ్ము. నా మాట నమ్మవద్దు. తమరి ప్రశ్న వినని మనిషిని ఒకరిని పిలిపించి, ఏం కనబడుతోందని మాత్రం అడగండి."

వంటశాలలోంచి ముత్తక్క అనే ముసలామెను పిలిపించారు. ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఆవులు దొరా. పాలు పితికే వేళ ఇటెందుకు తోలుతున్నారో."

"ఆకలి మీదుంది అవ్వ. పాలు కనబడుతున్నాయి," అన్నాడు బొల్లన. అందరూ నవ్వారు. ఆ ఎత్తిపొడుపు తమకూ తగులుతుందని ఒక్కడికీ తోచలేదు.

రాజు సేనాని వైపు తిరిగాడు. "నాయుడా, పది రోజుల కిందట శత్రువులు సొరంగం తవ్వుతున్నారని ఉత్తరపు గోడంతా తవ్వించావు. ఏం దొరికింది?"

"పందికొక్కులు, ప్రభూ."

రాజు ద్వారం తెరవమని ఆజ్ఞాపించాడు. ద్వారం పోతినాయుడి అధీనంలోనే ఉంది. తెరవనని భీష్మించుకుంటే తెరిచేవాడు లేడు. లోపల ఆడవాళ్లూ పిల్లలూ కలిసి నాలుగు వేలమంది. కాని ఒకసారి పొరబడ్డవాడు కదా, మళ్లీ పొరబడ్డానేమో, ఇంతమందికి కనబడింది నాకొక్కడికే కనబడటం లేదేమో అనుకున్నాడు. ఆజ్ఞ శిరసావహించి, గడియ తానే తీసి, అందరికంటే ముందు బయటికి దూకాడు.

దుమ్ము చీలింది. ముందు ఆవులు, వాటి వెనక శత్రువుల గుర్రాలు. పోతినాయుడు వెనక్కి తిరిగి ద్వారబంధానికి అడ్డంగా నిలబడి, ఒళ్లంతా తూట్లు పడేదాకా పోరాడాడు. తలుపులు మాత్రం మళ్లీ మూతపడలేదు. సాయంత్రానికి ఆ దుర్గంలో పొయ్యి వెలిగించే మనిషి లేడు. తమ్ముడు ఇంకొక్క ఘడియ ముందు వచ్చి ఉంటే అంటూ రాజు ప్రాణం విడిచాడట. తమ్ముడసలు బయలుదేరనే లేదు.

స్వామిభక్తికి నేటికీ ఆ సేనాని పేరే చెబుతారు. నిజం కనబడీ ఆజ్ఞకు తలవంచినవాణ్ణి, మీరైతే ఏమంటారు?