మైనస్ రెండు సెకన్లు

తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి, ఇరవై మూడు జవాబు పత్రాలను అతని టేబుల్ మీద దబ్బున పడేసింది కొత్త ఫిజిక్స్ మేడమ్.

"ఏంటి సార్ ఈ అన్యాయం? ఐదో ప్రశ్నకి నా క్లాసులో అందరికీ సున్నాయేనా?"

పేపర్లు దిద్దిన సీనియర్ సారు తాపీగా కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ తాపీతనానికే ఆమెకు ఒళ్లు మండింది.

"నలభై మీటర్ల మేడ మీంచి బంతిని సెకనుకి పది మీటర్ల వేగంతో పైకి విసిరారు. నేల మీద పడేది నాలుగు సెకన్లకి. మీ పిల్లలు మైనస్ రెండు కూడా రాశారు. కాలం మైనస్‌లో ఉంటుందా మేడమ్?"

"ఉంటుంది! అలా రాయమన్నది నేనే. తప్పులు నేర్పేవాళ్లు మాకొద్దని ప్రిన్సిపాల్ మొహం మీదే అన్నారు. సోమవారం నుంచి రావద్దట. అంతా మీ ఎర్రపెన్ను పుణ్యం!"

అతని మొహం పాలిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు.

ఆమె సుద్దముక్క అందుకుంది. "మనం స్టాప్‌వాచ్ నొక్కేసరికి బంతి మేడ మీదుంది. అదే బంతిని కింద నేల మీంచి ముప్పై మీటర్ల వేగంతో విసిరారనుకోండి. రెండు సెకన్లకి మేడ ఎత్తుకొచ్చేసరికి వేగం సరిగ్గా పది! అంటే మనం చూడకముందే బయల్దేరిందన్నమాట. అదీ మైనస్ రెండు. ఎక్కిందా?"

"ఎక్కింది. తప్పు నాదే."

ఇంకా నాలుగు మాటలు అందామని సిద్ధపడి వచ్చిన మనిషికి ఇదేం న్యాయం? అతను ఇరవై మూడూ మళ్లీ దిద్దాడు. తప్పు తనదేనని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. తర్వాత బోర్డు మీద, ఆమె లెక్క కింద, 'మైనస్ నాలుగు నెలలు' అని రాశాడు.

"ఇదేంటి?"

"మీరు నాతో మాట్లాడింది ఇవాళే. అదీ తిట్టడానికి. వాచ్ ఇప్పుడే నొక్కారు." అతను సుద్దముక్క కింద పెట్టాడు. "నా మనసు మాత్రం మీరు చేరిన రోజే బయల్దేరింది."

"నాలుగు నెలలా! నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నారు? సీసా నిండా నీళ్లున్నా, నీళ్లకని రోజూ మీ గది ముందు నుంచే తిరిగి చచ్చాను కదా!"

అనేశాక నాలుక కరుచుకుంది.

అతను నవ్వాడు. ఆ నవ్వుకీ ఆమెకు కోపమే వచ్చింది. అతను రాసిన జవాబు పక్కన పెద్ద టిక్కు కొట్టి, ఐదుకి నాలుగు వేసింది.

"ఒక మార్కు ఎందుకు కోశారు?"

"ఆలస్యానికి. కావాలంటే ప్రిన్సిపాల్‌కి చెప్పుకోండి!"