అమ్మ అడిగిన మాటలు

తెల్లారి వాకిట్లో కళ్లాపి చల్లి, సుబ్బరావమ్మ పాలు పితకడానికి గేదె దగ్గరికి వెళ్లింది. కూతురు తేజశ్రీ అరుగు మీద కూర్చుని ఫోను తెరిచింది. కాలేజీకి వెళ్లేలోపు పది ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడం ఆ పిల్లకి అలవాటు.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఒంగోలులో డిగ్రీలో చేరితే, మొదటి నెలంతా క్లాసులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంగ్లీషు చెప్పే శశిభూషణ్ సారు ఫోన్లో ఒక ఏఐ యాప్ పెట్టించాడు. "ఎల్లకాలం నేను మీ పక్కన ఉండనమ్మా. మాటకి అర్థం దీన్నడుగు. దాంతో సొంతంగా ఒక వాక్యం చెప్పు. తప్పుంటే అదే దిద్దుతుంది" అన్నాడు. అప్పట్నుంచి ఆ ఫోనే తేజశ్రీకి మాస్టారు.

ఏడో తరగతితో చదువు ఆపేసిన సుబ్బరావమ్మ సాయంత్రాలు పక్కన చేరి, "నేనడిగినా చెబుతుందంటావా?" అనేది. మైకు నొక్కి ఎలా అడగాలో కూతురు సరదాగా నేర్పింది. ఆవిడ మిరపకాయని ఏమంటారో అడిగింది, గేదెని ఏమంటారో అడిగింది. పాలు తీసేటప్పుడు "బఫెలో, కదలమాకే" అంటుంటే ఇంట్లోవాళ్లంతా నవ్వేవాళ్లు.

ఈవేళ తేజశ్రీ పాత మాటలు ఒకసారి చూసుకుందామని నేర్చుకున్నవాటి జాబితా తెరిచింది. మధ్యలో తనవి కాని మాటలు కొన్ని కనిపించాయి. బయాప్సీ. మెటాస్టాసిస్. ప్రోగ్నోసిస్. ప్యాలియేటివ్. అన్నీ నెల కిందట, తను నిద్రలేవకముందు, తెల్లవారుజామున అడిగినవే.

అవి నాన్న ఆసుపత్రి కాగితాల్లోని మాటలు.

రెండు నెలల కిందట గుంటూరులో డాక్టరు చెప్పాడు, తండ్రి బుల్లయ్య కడుపులో క్యాన్సరు కాలేయానికి కూడా పాకిందని. ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద బుల్లయ్య పిల్లలిద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాడు. "మీ అమ్మకి అల్సరని చెప్పండి. తెలిసిందంటే నాకన్నా ముందు అదే పోద్ది." కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కదా అని బీరువాలో పైనే పడేశారు. వాటిని తీసి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తల్లి ఫోనుకి చెప్పి ఉంటుంది.

చివరి మాటకి, జబ్బు నయం కాదని తేలాక బాధ తగ్గించడానికి మాత్రమే చేసే వైద్యం అని అర్థం ఉంది. దాని కింద తల్లి చెప్పిన వాక్యం కూడా ఉంది. "మా ఆయనకి ఇంక ప్యాలియేటివ్ వైద్యం ఒక్కటే చేస్తారంట."

దాని కింద యాప్ ఇచ్చిన జవాబు: "మాటను సరిగ్గా వాడారు. చాలా బాగుంది!"

పొలం నుంచి అప్పుడే వచ్చిన అన్నయ్య కోటేష్‌కి ఫోను చూపించింది. అతను మండిపడ్డాడు.

"అసలు అమ్మ చేతికి ఫోనెందుకిచ్చావే? నీ చదువు తగలెయ్య!"

"దాన్నెందుకురా అంటావు?" పాలచెంబుతో సుబ్బరావమ్మ వెనకే నిలబడి ఉంది. "ఆ ఫోనుకి నేనేమవుతాను? అయినా అడిగినదానికి చెప్పింది. కడుపున పుట్టినోళ్లు, మీరు చెప్పలేదు."

"నాన్న ఒట్టేయించుకున్నాడమ్మా! నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకోలేకపోతే ఈ నెలరోజులూ మీకు వండిపెట్టింది ఎవర్రా? ఆయన రెండు ముద్దలు తిని లేచిపోతుంటే, అల్సరే కదా తగ్గిపోద్దిలే అని నవ్వింది ఎవరు?"

తేజశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. "మరి తెలిసినట్టు ఒక్కమాటైనా అనలేదేంటమ్మా?"

"అంటే మీ నాన్న ఏమైపోతాడే? నాకు తెలియదనే ధైర్యం మీదే ఆ మనిషి లేచి తిరుగుతున్నాడు." ఆవిడ గేదె వైపు చూసింది. "గేదె దగ్గర కూర్చుని ఏడ్చుకునేదాన్ని. అది ఎవరితోనూ చెప్పదుగా."

గుమ్మంలో అలికిడైతే ముగ్గురూ తిరిగి చూశారు. బుల్లయ్య ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడని ముఖమే చెబుతోంది.

కోటేష్ ఎదురెళ్లి పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపి, మెల్లగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒట్టు తప్పామని తిడతాడేమోనని తేజశ్రీ తల దించుకుంది. ఆయన పిల్లల వంక చూడనేలేదు.

"సుబ్బులూ, ఇట్రా" అన్నాడు.

ఆవిడ చెంబు దింపి పక్కన కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పొలంలో, గొడవల్లో ఎవరికీ తగ్గని ఆ గొంతు తగ్గించి అన్నాడు.

"నాకు శానా భయంగా ఉందే. పిల్లలకి చెప్పలేను. నీకు చెప్పకూడదనుకున్నా. ఇంకెవరికి చెప్పుకోను?"

తండ్రి కళ్లలో నీళ్లు చూడటం తేజశ్రీకి అదే మొదటిసారి. ఇన్నాళ్లూ తామంతా కలిసి అమ్మని కాపాడుతున్నామనుకుంది. నాన్నని ఆయన భయంతో ఒంటరిగా వదిలేశామన్న సంగతి ఇప్పుడు తెలిసింది.

సుబ్బరావమ్మ కొంగుతో భర్త ముఖం తుడిచింది.

"నాకూ భయంగానే ఉందయ్యా. ఇద్దరం కలిసి భయపడదాం. నువ్వొక్కడివే ఎందుకు?"

బుల్లయ్య ఆమె భుజం మీద తల వాల్చాడు. కోటేష్ తండ్రి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. రెండు నెలలుగా ఎవరికి వాళ్లు దాచుకున్న ఏడుపు, ఆ పూట నలుగురూ ఒకచోట కూర్చుని ఏడ్చారు.