అడుగెరుక పలికే పేరు

నీలవేణి లిఫ్టు దిగి గుమ్మం ముందుకు రాగానే, తలుపు పక్కనున్న బిళ్ల మర్యాదగా పలికింది.

"త్రివిక్రమరావు గారు వచ్చారు."

గడియ దానంతటదే తెరుచుకుంది. హాల్లో పసుపు దీపం వెలిగి, ఆయన వినే వార్తలు మొదలయ్యాయి. వంటింట్లోంచి కామాక్షమ్మ కొంగు సర్దుకుంటూ గబగబా వచ్చింది. కూతురిని చూసి మధ్యలోనే ఆగిపోయింది.

"ఓ, నువ్వా," అంది.

తండ్రి పోయిన మూడేళ్లుగా నీలవేణికి ఇంట్లో దొరుకుతున్న స్వాగతం ఇదే.

గుంటూరులో ఇప్పటి పిల్లలకు తాళంచెవి చూపిస్తే అదేమిటని అడుగుతారు. గోడలకు అంటించిన బిళ్లలు, తీగలతో పనిలేకుండా వాటిలో అవి మాట్లాడుకుంటూ, అడుగుల తీరును బట్టి మనిషిని గుర్తుపడతాయి. అందరూ దాన్ని అడుగెరుక అంటారు. ఇంటి మనిషైతే పేరు చెప్పి తలుపు తీస్తుంది, పరాయి మనిషైతే గడియ బిగించి పేటంతా లేచేలా అరుస్తుంది. అంత తెలివిగల యంత్రమూ ఒక చోట పప్పులో కాలేసింది. మిరప గోదాములో పొద్దంతా నిలబడి అలసిపోయిన నీలవేణి, అచ్చం తండ్రిలాగే కుడికాలు ఈడుస్తుంది. మొదట్లో సాయంత్రాలు మాత్రమే పొరబడేది. ఇప్పుడు ఏ వేళ వచ్చినా ఆయన పేరే చెబుతోంది.

బిళ్లల్లో బ్యాటరీలు అయిపోవస్తున్నాయని ఆ సాయంత్రం సుభానీ రెండు పెట్టెలతో వచ్చాడు, ఒకదాంట్లో తీగల అలారం, రెండోదాంట్లో ఇలాంటి కొత్త బిళ్లలు. ఆ వీధి అలారాలన్నీ బిగించేది అతనే.

"తీగదైతే గోడలు చెక్కాలండి," అన్నాడు. "ఒకసారి బిగించామంటే బ్యాటరీల గొడవ లేదు. కాకపోతే దానికి మనుషులు తెలీరు. తలుపు తీశారా, వేశారా, అంతే. తీగలేంది ఇట్టే అంటించేస్తా. పాత గుర్తులన్నీ కొత్త బిళ్లల్లోకి వచ్చేస్తాయి."

"తీగదే పెట్టండి. గోడ ఎంత చెక్కాలంటే అంత చెక్కండి," అంది నీలవేణి.

"వద్దు!" కామాక్షమ్మ గొంతు అనుకోకుండా పెద్దదైంది. "రోజూ ఆయన వచ్చారని చెబుతుందే అది. ఆ ఒక్క క్షణం నాకు ప్రాణం లేచొస్తుంది. అదీ లాక్కుంటావా?"

"మరి వచ్చేది నేను కదమ్మా! నన్ను చూడగానే నీ మొహం వాడిపోతుంది. నేనేం పాపం చేశాను? ఒక్కరోజైనా నేనొచ్చానని సంతోషించవా?" నీలవేణి ఏడ్చేసింది.

సుభానీ ఇబ్బందిగా పెట్టెల వైపు చూశాడు. "తీగలేందే ఉంచుకుని సారుగారి గుర్తు తీయించేయొచ్చు కదమ్మా. ఇంటి యజమాని మీరే కాబట్టి, మీ గొంతుతో ఆయన పేరు పలికి 'తొలగించు' అంటే చాలు. ఇన్నాళ్లూ దానికి ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

కామాక్షమ్మ తల దించుకుంది.

"మా అమ్మ నాన్న పేరు పలకదండీ," అంది నీలవేణి కళ్లు తుడుచుకుంటూ.

నిజమే. "ఏమండీ", "ఆయన", "మీ నాన్నగారు". ఈ మూడింటితోనే ఆవిడ కాపురమంతా గడిచింది. ఆసుపత్రిలో రోగి పేరడిగితే కూతురి వైపు చూసింది. ఎక్కడో కూర్చుని ఈ యంత్రాన్ని తయారుచేసిన మహానుభావులకు, మొగుడి పేరు నోట పలకని ఇల్లాలు ఈ కాలంలోనూ ఉంటుందని తట్టలేదు పాపం.

సుభానీ కొత్త బిళ్లలు అంటించాడు. కామాక్షమ్మ చాలాసేపు వాటినీ, కూతురి ఎర్రబడ్డ కళ్లనూ మార్చి మార్చి చూసింది. చివరికి లేచి గోడ దగ్గరికి వెళ్లింది.

"త్రి..." అని ఆగింది. కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "త్రివిక్రమరావు. తొలగించు."

బిళ్ల ఒకసారి మిణుకుమంది. కామాక్షమ్మ కుర్చీలో కూలబడి, "ఎంత బాగుందే ఆయన పేరు," అంది. నీలవేణి తల్లిని గట్టిగా వాటేసుకుంది.

బయటికి వెళ్లేవాళ్లను అడుగెరుక పట్టించుకోదు. అందుకని మర్నాడు పొద్దున ఏ తేడా తెలియలేదు. సాయంత్రం నీలవేణి తన పేరు వినాలన్న ఆశతో లిఫ్టు దిగింది.

ఎర్రదీపం వెలిగింది. "అపరిచిత వ్యక్తి!" గడియ బిగుసుకుంది. చెవులు చిల్లులు పడేలా సైరన్ మోగింది. చుట్టుపక్కల ఇళ్ల గడియలు కూడా టపటపా పడ్డాయి. మూడేళ్లుగా ఆమె అడుగులన్నీ తండ్రి పేరు కిందే చేరిపోయాయి. ఆయనతో పాటు ఆమె కూడా చెరిగిపోతుందని సుభానీకి కూడా తోచలేదు.

"ఎవరది?" లోపల్నుంచి కామాక్షమ్మ అడిగింది.

"నేనమ్మా! నీలని!"

"గొంతు మా అమ్మాయిదే. కానీ ఇది పరాయివాళ్లంటోందే!" దొంగలు ఎవరి గొంతునైనా అరువు తెచ్చుకునే రోజులివి. తలుపవతల గొంతును ఎవరూ నమ్మరు.

సైరన్ ఆగింది. యంత్రం యజమానురాలిని అడిగింది. "బయట ఉన్న అడుగు ఇంటివారిదేనా? అయితే వారి పేరు పలకండి."

"ఒకసారి అటూ ఇటూ నడువు," అంది కామాక్షమ్మ లోపల్నుంచి.

నీలవేణి నడిచింది. కాళ్లు పీకుతున్నాయి. కుడికాలు నేలను రాసుకుంటూ వస్తోంది. లోపల తల్లి తలుపుకు చెవి ఆనించి వింటోందని ఆమెకు తెలుసు. ఆగి, తలుపు మీద చెయ్యి వేసి, తన పేరు కోసం ఎదురుచూసింది.

"త్రివిక్రమరావు," అంది కామాక్షమ్మ. ఈసారి ఎక్కడా తడబడలేదు.

గడియ తెరుచుకుంది. కామాక్షమ్మ ఎదురుగా నిలబడి ఉంది. కళ్ల నిండా నీళ్లు, ముఖమంతా సంతోషం. ఆవిడ కూతురి ముఖం వైపు చూడలేదు, కాళ్ల వైపే చూస్తోంది.

"కాళ్లు కడుక్కుని రండి," అంది. "వడ్డిస్తాను."