శనివారం ఆరింటి మీటింగ్

"అక్కడ మీకు సెంటు భూమి కొనే హక్కు కూడా లేదు. మరి మేము దేనిమీద ఇన్వెస్ట్ చేస్తున్నట్టు?"

భానుశ్రీ అలా అడిగేసరికి, అమెరికాలో, డల్లాస్ పక్కన ప్లేనోలో, భాస్కర్ వాళ్ళ హాల్లో బిరియానీ తింటున్న ఆరుగురూ ప్లేట్లలోంచి తలలెత్తారు.

టీవీ పక్కన నిలబడి స్లైడ్స్ చూపిస్తున్న శశికాంత్ రిమోట్ కింద పెట్టాడు. అతనూ వాళ్ళ ఆఫీసు వాడే, వేరే టీమ్. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవికి వెకేషన్‌కి వెళ్ళి, దారి తప్పి వాయ్ రెంగో అనే కొండ ఊళ్ళో నాలుగు రోజులు ఉండిపోయాడట. ఊరంతా వనిల్లా పండిస్తారు. పచ్చికాయలు కొండ దిగువనుంచి వచ్చే దళారి అడిగిన రేటుకి ఇచ్చేస్తారు. అక్కడే ఒక షెడ్డు వేసి కాయల్ని ఆరబెట్టి, మాగబెట్టి అమ్మితే రైతుకి మిగులుతుందని ఇతని ఆలోచన. ఉద్యోగానికి రిజైన్ చేసేశాడు కూడా.

"భూమి మీద కాదండీ," అన్నాడు. "షెడ్డు మీద, ఆరబెట్టే బల్లల మీద. ఎక్కువగా మనుషుల మీద."

"మనుషులు కొలేటరల్‌కి పనికిరారు కదండీ."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

"వానలు ఎక్కువైతే?"

"తెలీదు."

"మార్కెట్ పడిపోతే?"

"అదీ తెలీదండీ."

"పోనీ ఆ భాషైనా వచ్చా?"

"థాంక్స్ చెప్పడం వచ్చు. బేరం ఆడడం ఇంకా రాలేదు."

మిగతావాళ్ళు తలో కాస్త డబ్బు పెట్టారు. అందరికంటే ఎక్కువ పెట్టింది మాత్రం ప్రశ్నలతో చంపిన భానుశ్రీయే. ఎందుకని భాస్కర్ అడిగితే నవ్వేసింది. తెలీనిదాన్ని తెలీదని చెప్పే మనిషి మీటింగుల్లో కనబడి చాలా కాలమైంది, అంతే.

ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఇన్వెస్టర్స్ కాల్ అనుకున్నారు. అప్పుడు అక్కడ ఆదివారం పొద్దున. ఊళ్ళో సిగ్నల్ ఉండేది ఒక్క చర్చి మెట్ల మీదే. శశికాంత్ ఆ మెట్లెక్కి కూర్చుని మాట్లాడేవాడు. ప్రార్థనకి గంట కొట్టగానే కాల్ అయిపోయేది.

మొదట్లో స్క్రీన్ మీద ఆరు మొహాలుండేవి. వనిల్లా రేటు పడింది. ఒకరి తర్వాత ఒకరు వాటా వెనక్కి తీసుకున్నారు. ఏడాది తిరిగేసరికి భానుశ్రీ ఒక్కతే మిగిలింది.

"అజెండా ఏంటండీ?" అంది ఆ మొదటి ఒంటరి మీటింగులో.

"పెళ్ళిళ్ళ సీజను," అన్నాడు శశికాంత్. "వనిల్లా పువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఈలోపే చిన్న పుల్లతో ఒక్కో పువ్వుకీ చేత్తో పుప్పొడి అంటించాలి. లేకపోతే కాయ కాయదు. నేనిప్పుడు పూలకి పెళ్ళిళ్ళ పేరయ్యని."

"ఎన్ని సంబంధాలు కుదిర్చారు?"

"నిన్న నూట పది. మామా యులియానా ఆరువందలు చేసింది. నా పెళ్ళిళ్ళు నిలవవని ఆవిడ అనుమానం."

మామా యులియానా అంటే అతను అద్దెకుంటున్న ఇంటావిడ; అక్కడ మామా అంటే అమ్మ. భర్త లేడు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పెద్ద. అప్పుడప్పుడు స్క్రీన్‌లోకి తొంగిచూసి, ఏదో అడిగి, జవాబు కోసం ఆగకుండా చర్చిలోకి వెళ్ళిపోయేది.

భానుశ్రీకి నవ్వొచ్చింది. లాప్‌టాప్ మూశాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినబడింది. ఐదేళ్ళు రూమ్మేట్‌గా ఉన్న మనీషా పెళ్ళి చేసుకుని అల్ఫారెట్టా వెళ్ళిపోయాక, ఆ మూడు బెడ్‌రూముల ఇంట్లో రెండు తలుపులు మూసే ఉంటున్నాయి. బర్త్‌డే పార్టీలకి పిలుస్తారు. జంటల మధ్య సమోసా ప్లేటు పట్టుకుని నిలబడితే, పిల్లలొచ్చి "ఆంటీ, మీ కిడ్స్ ఎక్కడ?" అంటారు. వెళ్ళడం మానేసింది.

ఇంకో శనివారం ఆమె హలో అనగానే అతను, "జలుబు చేసిందా?" అన్నాడు.

"అవునండీ. వెదర్ మారింది."

తర్వాతి వారమూ అదే ప్రశ్న, అదే జవాబు. మూడో వారం అతను అడగలేదు. బదులుగా, "భానుశ్రీ గారూ, నిన్న ఆఫీసు నుంచి వచ్చాక ఎవరితోనైనా మాట్లాడారా?" అన్నాడు.

ఆమె మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. గొంతు బొంగురుపోయింది జలుబుకి కాదు. ఇరవైనాలుగు గంటలుగా దానితో పనిపడలేదు.

"ఇక్కడ ఒంటరిగా ఉండాలన్నా కుదరదు," అన్నాడు అతను మెల్లగా. "మొన్న తలుపు వేసుకుని పడుకుంటే ఒంట్లో బాలేదేమోనని తొమ్మిదిమంది వచ్చారు. ఒకాయన కోడిపుంజుని కూడా తెచ్చాడు."

"కోడెందుకు?"

"అడిగాను. ఊరికే పలకరించి రావడానికి చెయ్యి ఖాళీగా ఎలా వస్తామన్నాడు."

ఆ రోజు అజెండాలో షెడ్డు గురించి ఒక్క మాట లేదు. ఆ తర్వాత కూడా ఉండేది కాదు. ఆమె కాల్‌కి ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. అతను గంట కొట్టే మనిషిని బతిమాలి రెండు నిమిషాలు ఆలస్యం చేయించేవాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం కాల్ రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. ఫ్లోరెస్‌లో కొండచరియలు విరిగిపడ్డాయని ఆన్‌లైన్‌లో నాలుగు లైన్లు దొరికాయి. ఏ ఊరో రాయలేదు. ఎవరినడగాలో ఆమెకి తెలీలేదు. భాస్కర్‌కి ఫోన్ చేస్తే, "నీ దగ్గరున్న నంబరే నా దగ్గరా ఉంది. ఏం, నీ మనీ గురించా?" అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి గరాజ్‌లో కారులోనే చాలాసేపు కూర్చుంది. మనీ సంగతి అతను అనేదాకా ఆమెకి గుర్తే లేదు.

పదిహేడో రోజున ఫోన్ మోగింది.

"రోడ్డు కొట్టుకుపోయిందండీ. టవర్ కూడా..."

"ఎక్కడికి పోయావు?" అంది ఆమె. "ఒక్క మెసేజ్ పెట్టే దారి లేదా నీకు? ఇక్కడ నేనేమైపోవాలనుకున్నావు?"

ఇన్నాళ్ళలో మొదటిసారి 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. అంతలో గంట మోగింది. లైను కట్ అయింది.

నాలుగు నెలలు ఇద్దరూ జాగ్రత్తగా మాట్లాడుకున్నారు. కాయలు కోతకొచ్చాయి. ఆగస్టులో అతని దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ ఏడాది సరుకంతా ఒక ఐస్‌క్రీం కంపెనీ కొంటోందట, అడ్వాన్స్ ఇచ్చారట. కింద రెండు లైన్లు: 'మీ పెట్టుబడి మొత్తం లాభంతో సహా తిరిగి పంపేశాను. ఇకమీదట శనివారం మీటింగులతో మీకు ఇబ్బంది ఉండదు.'

ఇబ్బంది అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ఆ రోజు అలా అరవకుండా ఉండాల్సింది. అతను మర్యాద కలవాడు కాబట్టి ఇన్ని నెలలు ఆగి, లెక్క సరిచేసి తప్పుకున్నాడు. ఆమె 'థాంక్యూ, ఆల్ ది బెస్ట్' అని రిప్లై పెట్టింది. ఆ నాలుగు మాటలకి గంట పట్టింది.

తర్వాతి శనివారం ఆరింటికి ఊరికే కారు తీసి ఫ్రిస్కో దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇంకో శనివారం బట్టలన్నీ మడతపెట్టింది, మళ్ళీ విప్పి మడతపెట్టింది. సెప్టెంబరు మూడోవారం నాటికి ఆ టైముకి నిద్రపోవడం నేర్చుకుంటోంది. అప్పుడే డోర్‌బెల్ మోగింది.

గుమ్మంలో శశికాంత్. ఎండకి నల్లబడ్డాడు, చిక్కాడు. చేతిలో సూట్‌కేసు.

"డల్లాస్‌లో ఫుడ్ షో ఉంది, విజిటర్ వీసా మీద వచ్చాను," అన్నాడు. "లోపలికి రావచ్చా?"

"ఇన్వెస్టర్స్ ఎవరూ లేరు ఇక్కడ."

"తెలుసు. అందుకే వచ్చాను."

ఆమె తలుపుకి అడ్డం తప్పుకోలేదు. "మీటింగులు ఇబ్బందని మెయిల్ పెట్టినవాడివి, ఇల్లు వెతుక్కుంటూ ఎందుకొచ్చావు?"

"నాకు ఇబ్బందని రాశానా?" అన్నాడు తెల్లబోయి. "మీకు... నీకు ఉండకూడదని రాశాను. నీ డబ్బు నా దగ్గర పెట్టుకుని నిన్నో మాట అడిగితే, నువ్వు కాదనాలన్నా మొహమాటపడతావు. అవునన్నా నాకు అనుమానం మిగిలిపోతుంది. ముందు అది ఇచ్చేసి, ఎదురుగా నిలబడి అడుగుదామనుకున్నాను."

"ఆ సంగతి మెయిల్లో రాయొచ్చుగా."

"నాలుగుసార్లు రాసి చెరిపేశాను. చివరికి పంపింది అన్నింట్లోకీ చెత్తది."

ఆమె పక్కకి జరిగింది. కాఫీ పెట్టింది. అతను అడగాల్సింది వంటింట్లో స్టవ్ ముందు నిలబడే అడిగాడు. ఆమె వెంటనే అవునని అనలేదు.

"పదకొండేళ్ళుగా గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాను, శశీ. ఇక్కడ ఉద్యోగం వదిలితే అంతా పోతుంది. అక్కడికొస్తే నాకేం చేతనవును?"

"తెలీదు," అన్నాడు. "వదలమనను. లీవ్ పెట్టి ఒక్క వానాకాలం ఉండి చూడు. నచ్చకపోతే నేనే వచ్చేస్తాను, మళ్ళీ కోడ్ రాసుకుంటాను. మామా యులియానాకి చెప్పే వచ్చాను."

"నువ్వు ఆ షెడ్డు వదిలి వస్తావా?"

"ఏడుస్తూ వస్తాను. కానీ వస్తాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. రెండేళ్ళుగా స్క్రీన్ మీద చూసిన మొహమే. కుడి కనుబొమ మీద మచ్చ ఉన్నట్టు మాత్రం ఇప్పుడే తెలిసింది. చెయ్యి చాచి దాన్ని తాకింది.

"ఇదెప్పుడు?"

"కొండ విరిగినప్పుడు. చెప్తే భయపడతావని కెమెరా ఎడంవైపు పెట్టుకునేవాణ్ణి."

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అది చూసి అతను కంగారుపడి, ఏం చెయ్యాలో తోచక, వీడియో కాల్ కలిపాడు. చర్చి మెట్ల మీద మామా యులియానా ప్రత్యక్షమైంది, వెనక ఓ పదిమంది ఆడవాళ్ళు. ఆవిడ భానుశ్రీని తేరిపార చూసింది. అతన్ని వదిలేసి నేరుగా ఆమెతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు శశికాంత్ మొహం ఎర్రబడింది. వెనకవాళ్ళు నవ్వారు.

"ఏమంటున్నారు?"

"సగం చెప్పను," అన్నాడు. "మిగతా సగం ఏమిటంటే, వానలు మొదలవకముందే రమ్మంటోంది. పడ్డాయంటే రోడ్డు ఉండదు. నీ గదికి సున్నం వేయించిందట."

"వానలెప్పుడు?"

"నవంబరు మధ్యలో."

భానుశ్రీ కాఫీ కప్పు పక్కన పెట్టి, కౌంటర్ మీదున్న లాప్‌టాప్ తెరిచింది. ఆఫీసు పోర్టల్‌లో లీవ్ రిక్వెస్ట్ పేజీలోకి వెళ్ళి, మొదటి తేదీ దగ్గర నవంబరు రెండు అని కొట్టింది.

"మామా యులియానాకి చెప్పు," అంది. "గదికి కిటికీ ఉందో లేదో కూడా అడుగు."